దత్తపది ముందు ఆగిన మనసు: విడవాలా, పట్టుకోవాలా?

పద్యాభ్యాసి, హన్మకొండ (ప్రశ్న)

నేను హన్మకొండలో తెలుగు బోధిస్తాను. ఆదివారం పొద్దున పది పన్నెండు మంది పిల్లలను కూర్చోబెట్టుకొని ఛందస్సునూ, కొద్దిగా అవధాన ప్రక్రియలనూ (సభలో ఇచ్చిన చిక్కులకు అప్పటికప్పుడు పద్యం చెప్పే విద్య) నేర్పుతున్నాను. అవధానిని కాను, రెండు మూడు సభల్లో పృచ్ఛకుడిగా, అంటే ఆ చిక్కులు ఇచ్చేవాడిగా, కూర్చున్నవాడిని మాత్రమే. కిందటి నెల పిల్లల కోసం ఒక దత్తపది, అంటే ఇచ్చిన మాటలను పద్యంలో ఇమిడ్చే చిక్కు, అనుకున్నాను. చారు, పూరి, వడ, కూర అనే నాలుగు మాటలూ నాలుగు పాదాల్లో రావాలి, తిండి ప్రసక్తి ఎక్కడా ఉండకూడదు, పద్యం రామప్ప గుడి శిల్పాలను వర్ణించాలి. ముందుగా నేనే రాసి చూద్దామని కూర్చుంటే అరగంట దాకా హోటలు తప్ప మరేమీ తోచలేదు. చారు అంటే మిరియాల చారే, వడ అంటే సాంబారులో మునిగిన వడే. విసుగు పుట్టి కాగితం మడిచి జేబులో పెట్టుకొని, వేరే పని మీద కాజీపేటకు బండి తీశాను. ఫాతిమానగర్ దాటుతుండగా, ఆ సంగతి మరిచిపోయాననే అనుకుంటున్న సమయంలో, 'పూరి' అన్నది 'రసపూరితము'లో ఉన్నదని తట్టింది. ఆ వెంటనే 'చారుశిల్పము', 'సమకూర', 'వడలని' ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. ఇంటికి వచ్చి పద్యంలో పెడితే రెండు పాదాల్లో యతి కుదరలేదు. దాన్ని సరిచేయడానికి ఇంకో గంట పట్టింది. ఆ గంటలో ఏదీ తట్టడమన్నది లేదు. ఒక్కొక్క మాటా తీసి, చూసి, పెట్టి, మళ్లీ తీసి, అలాగే సాగింది.

నా సందేహం ఇది. బండి మీద పనిచేసిన మెదడూ, బల్ల దగ్గర పనిచేసిన మెదడూ ఒకే తీరున పనిచేశాయా? మనసును వదిలేస్తేనే కొత్త ఊహ వస్తుందని కొందరు రాస్తారు, ఏకాగ్రత లేనిదే ఏదీ రాదని మరికొందరు రాస్తారు. రెండూ నా అనుభవంలో సగం సగమే నిజమయ్యాయి. ఇది తేలితే, పిల్లలకు మొదట నియమాలు లేకుండా రాయనివ్వాలో, నియమాలతోనే మొదలుపెట్టాలో నాకు కొంత స్పష్టత వస్తుంది.

ఇంకొకటి. ఈమధ్య ఒక శిక్షణ సంస్థవారు మా ఊళ్లో తల్లిదండ్రులను సమావేశపరచి, సృజన అంతా కుడి మెదడుదేననీ, బడి చదువులు ఎడమ మెదడునే పెంచుతున్నాయనీ, తమ దగ్గర మూడు నెలలు చేరిస్తే కుడి మెదడు 'తెరుచుకుంటుం'దనీ చెప్పి రుసుము కట్టించుకున్నారు. ఆ తల్లుల్లో ఒకావిడ నన్ను నిజమేనా అని అడిగితే జవాబు చెప్పలేకపోయాను.

కాజీపేట జంక్షన్

పద్యాభ్యాసి గారికి నమస్కారం. మాది కాజీపేటే, ప్రస్తుతం వేరే రాష్ట్రంలో మెదడు స్కానింగ్ సమాచారాన్ని విశ్లేషించే పనిలో ఉన్నాను.

చివరి సంగతి ముందు ముగిస్తాను. మెదడులోని రెండు అర్ధగోళాలను కలిపే నాడీ తంతువులను కోసి వేరుచేసిన రోగుల మీద రోజర్ స్పెర్రీ చేసిన పరిశోధనలకు 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. వాటి నుంచి జనంలోకి జారిన మాట ఈ 'కుడి మెదడు, ఎడమ మెదడు'. భాషకు సంబంధించిన పని చాలామందిలో ఎడమవైపు ఎక్కువగా జరుగుతుందన్నది నిజమే. కానీ మనుషుల్లో కుడి మెదడువారు, ఎడమ మెదడువారు అని రెండు జాతులు లేవు. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వారు 2013లో వెయ్యి మందికి పైగా మెదడు చిత్రాలను పరిశీలించి, అటువంటి విభజన కనిపించలేదని ప్రకటించారు. ఆ తల్లిగారిని రుసుము తిరిగి అడగమని చెప్పండి.

ఇక అసలు ప్రశ్న. సృజనాత్మక ఆలోచనలో ముఖ్యంగా మూడు నాడీ వ్యవస్థల గురించి మాట్లాడుకుంటారు. ఒక్కొక్కటీ మెదడులో ఒకే చోట ఉండే గది కాదు. దూర దూరంగా ఉన్న ప్రాంతాల చురుకుదనం ఒకే లయలో పెరుగుతూ తగ్గుతూ ఉంటే ఆ ప్రాంతాలను కలిపి ఒక నెట్‌వర్క్ అంటాము.

మొదటిది డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మార్కస్ రైకిల్ బృందం 2001లో ఆ పేరుకు ఆధారమైన వ్యాసం రాసింది. స్కానర్‌లో పడుకున్న మనిషికి ఏదైనా పని చెప్పగానే కొన్ని ప్రాంతాల చురుకుదనం తగ్గిపోతోంది, పని ఆపగానే మళ్లీ లేస్తోంది అని గమనించడంతో ఈ కథ మొదలయింది. శరీర బరువులో సుమారు 2 శాతం ఉండే మెదడు శరీరం వాడే శక్తిలో దాదాపు 20 శాతం తీసుకుంటుంది. మనం 'ఊరికే' కూర్చున్నప్పుడు కూడా ఆ ఖర్చు పెద్దగా తగ్గదు. జ్ఞాపకాలను తోడడం, జరగనిదాన్ని ఊహించడం, ఒక మాట నుంచి ఇంకో మాటకు వెళ్లడం ఈ నెట్‌వర్క్ పనుల్లోవి. రెండవది ఎగ్జిక్యూటివ్ కంట్రోల్ నెట్‌వర్క్. నుదుటి వెనుక పక్కభాగాలూ, నడినెత్తికి వెనుకగా ఇరుపక్కల ఉండే భాగాలూ ఇందులో ముఖ్యం. లక్ష్యాన్ని గుర్తుంచుకోవడం, తప్పుదారి పట్టిన ఆలోచనను ఆపడం, వచ్చినదాన్ని తూచి చూడడం దీని పని. మూడవది సేలియన్స్ నెట్‌వర్క్. లోపలిదైనా బయటిదైనా గమనించదగినది ఏదో వచ్చిందని గుర్తించి, మొదటి రెండింటి మధ్య మార్పిడికి తోడ్పడుతుందని స్టాన్‌ఫర్డ్‌లోని వినోద్ మీనన్ వంటివారు ప్రతిపాదించారు.

మీకు తెలిసిన సభతో పోలుస్తాను. మొదటిది ధారాళంగా మాటలు అందించే నోరు. రెండవది నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు, అంటే అడుగడుగునా ఫలానా అక్షరం వాడకూడదని అడ్డుకునేవాడు. మూడవది ఇప్పుడు ఎవరి వంతో చూసుకునే సభా సంచాలకుడు.

ఆసక్తికరమైన విషయం ఇక్కడే ఉంది. మామూలు పనుల్లో మొదటి రెండూ తక్కెడలో రెండు సిబ్బెల వంటివి. ఒకటి లేస్తే ఒకటి దిగుతుందని 2005లో మైకేల్ ఫాక్స్ బృందం చూపింది. కానీ కొత్త ఊహలు పుట్టించే పని ఇచ్చినప్పుడు ఆ రెండూ కలిసి నడుస్తున్నట్టు కనిపిస్తుంది. రోజర్ బీటీ, ఆయన సహచరులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఇటుక వంటి మామూలు వస్తువుకు వింత ఉపయోగాలు చెప్పమన్నప్పుడు, తొలి క్షణాల్లో డిఫాల్ట్ నెట్‌వర్క్ సేలియన్స్ ప్రాంతాలతోనూ, తరువాతి క్షణాల్లో నియంత్రణ ప్రాంతాలతోనూ జత కట్టింది. 2018లో అదే పరిశోధకుడి బృందం 163 మందిని పరీక్షించి, ఈ మూడు నెట్‌వర్కుల మధ్య అనుబంధం బలంగా ఉన్నవారి జవాబులు సగటున ఎక్కువ కొత్తగా ఉన్నాయని చెప్పింది.

మీ దత్తపదిలో జరిగిందీ ఇటుక వంటిదే. 'చారు' వినగానే తిండి ముందుకు దూకుతుంది. దాన్ని తోసివేయకపోతే 'చారుశిల్పము'కు చోటు దొరకదు. తోసివేయడానికి నియంత్రణ కావాలి. తోసివేశాక ఖాళీని నింపడానికి, మీరు ఇన్నేళ్లుగా చదివిన పద్యాల మాటల మూట విప్పే డిఫాల్ట్ నెట్‌వర్క్ కావాలి. కాబట్టి విడవాలా, పట్టుకోవాలా అన్న ప్రశ్నకు, రెండూ ఒకే సమయంలో చేయగలగడమే ఆ నేర్పు అని నా జవాబు.

సగటు–విచలనం, కరీంనగర్

నేను గణాంక శాస్త్రం బోధిస్తాను. పై మిత్రులు చెప్పింది వినసొంపుగా ఉంది. అందుకే కొంచెం అడ్డు తగులుతున్నాను.

మొదటిది, ఆ సభ పోలిక. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడికి మనసూ, ఉద్దేశమూ ఉంటాయి. నెట్‌వర్క్ అన్నది కొన్ని ప్రాంతాల సంకేతాలు కలిసి మారుతున్నాయని మనం కొలిచి పెట్టుకున్న పేరు. నియంత్రణ ప్రాంతం వెలిగింది కాబట్టి అక్కడ 'నిషేధం' జరిగిందని చెప్పడం, దీపం వెలిగింది కాబట్టి లోపల చదువుకుంటున్నారని చెప్పడం వంటిది. వంట చేస్తూ ఉండవచ్చు.

రెండవది, కొలత. ఈ అధ్యయనాల్లో వాడే మెదడు స్కానింగ్ పద్ధతి, ఎఫ్‌ఎంఆర్‌ఐ, చూసేది నాడీకణాల పనిని నేరుగా కాదు, దానివల్ల రక్తంలోని ఆక్సిజన్‌లో వచ్చే మార్పును. ఆ మార్పు పతాక స్థాయికి చేరడానికి ఐదారు సెకన్లు పడుతుంది. ఫాతిమానగర్ దగ్గర తట్టిన మాట అందులో ఎక్కడ చిక్కుతుంది? 2018 అధ్యయనంలో సంబంధం ఉన్నది నిజమే, కానీ అది మధ్యస్థమైన సంబంధం. ఒక పిల్లవాడి స్కాను చూసి వీడు కవి అవుతాడని చెప్పడానికి పనికిరాదు. పైగా కలిసి మారడం వేరు, కారణం కావడం వేరు.

మూడవది, మీరు వదిలేసిన అధ్యయనం ఒకటుంది. 2008లో చార్లెస్ లిమ్, అలెన్ బ్రాన్ ఆరుగురు జాజ్ పియానో కళాకారులను స్కానర్‌లో పడుకోబెట్టి అప్పటికప్పుడు స్వరాలు కల్పించమన్నారు. నుదుటి పక్కభాగాల్లో, అంటే మీరు చెప్పిన నియంత్రణ వ్యవస్థకు ముఖ్యమైన చోటనే, పని తగ్గింది. మధ్యభాగంలో పెరిగింది. మరి రెండూ జత కడతాయన్న మాట ఏమయింది?

పద్యాభ్యాసి, హన్మకొండ

ఇద్దరికీ కృతజ్ఞతలు. కరీంనగర్ సర్ అడిగిన మూడవ ప్రశ్నే నాదీ. ఆశువు, అంటే అప్పటికప్పుడు పద్యం, చెప్పే అవధానిని దగ్గరి నుంచి చూసినప్పుడు ఆయన తూచి చూస్తున్నట్టు ఉండదు. పద్యం దానంతటదే జారుతున్నట్టు ఉంటుంది. అదే అవధాని నిషిద్ధాక్షరికి వచ్చేసరికి అడుగడుగునా ఆగుతాడు. ప్రతి అక్షరం దగ్గరా పృచ్ఛకుడు దారి మూస్తుంటే ఇంకో దారి వెతకాలి కదా. ఈ రెండింటినీ 'సృజన' అని ఒకే పేరుతో పిలవడంలోనే చిక్కు ఉన్నదేమో.

కాజీపేట జంక్షన్

చిక్కు అక్కడే ఉంది. నా మొదటి జవాబులో 'ఒకే సమయంలో' అని తొందరపడి రాశాను, దాన్ని సవరించుకుంటున్నాను.

స్వీడన్‌లోని కరోలిన్స్కా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఆనా పిన్యో, ఫ్రెడ్రిక్ ఉల్లేన్ బృందం దాదాపు మీ ప్రశ్ననే పరీక్షించింది. పియానో కళాకారులకు రెండు రకాల ఆజ్ఞలు ఇచ్చారు. ఒకదానిలో ఫలానా స్వరాలనే వాడుతూ కల్పించాలి. రెండవదానిలో స్వరాల నియమం లేదు, ఆనందమో భయమో పలికించాలి. మొదటి రకంలో నుదుటి పక్కభాగాల పని ఎక్కువగానూ, రెండవ రకంలో తక్కువగానూ ఉంది. అంతేకాదు, మొదటి రకంలో ఆ ప్రాంతం చేతి కదలికలను సిద్ధంచేసే ప్రాంతాలతోనూ, రెండవ రకంలో డిఫాల్ట్ నెట్‌వర్క్ ప్రాంతాలతోనూ ముడిపడింది. అంటే నియమం ఏ రకానిదో దాన్ని బట్టి పొత్తు మారుతుంది. నిషిద్ధాక్షరి మొదటి రకానికీ, ఆశువు రెండవదానికీ దగ్గర అనుకోవచ్చు. ఇది నా ఊహ, అవధానిని స్కానర్‌లో పెట్టి చూసి చెబుతున్న మాట కాదు.

కవుల మీదనే జరిగిన పని కూడా ఉంది. సియువాన్ లియు, అలెన్ బ్రాన్ మొదలైనవారు 2015లో, పద్యం పుట్టించే దశనూ దిద్దే దశనూ విడివిడిగా చూశారు. నుదుటి మధ్యభాగం రెండు దశల్లోనూ పనిచేసింది. నియంత్రణ ప్రాంతాలు పుట్టించే దశలో తగ్గి, దిద్దే దశలో తిరిగి వచ్చాయి. పుట్టించే దశలో ఆ తగ్గుదల అనుభవజ్ఞులైన కవుల్లో కొత్తవారి కంటే ఎక్కువగా ఉంది. మీ బండి ప్రయాణం, మీ యతి గంట అనే రెండు భాగాలకు ఇంతకంటే దగ్గరి పోలిక నాకు తెలియదు.

కారణం సంగతి. మెలకువలో ఉంచి మెదడు కణితి తీసే శస్త్రచికిత్సల్లో, 2022లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, డిఫాల్ట్ నెట్‌వర్క్‌కు చెందిన చోట స్వల్ప విద్యుత్తు తగిలించి, వస్తువుకు వింత ఉపయోగాలు చెప్పమన్నారు. జవాబుల సంఖ్య తగ్గింది, వచ్చిన జవాబుల కొత్తదనం మాత్రం తగ్గలేదు. రోగులు కొద్దిమందే అయినా, ఇది కలిసి మారడం కంటే ఒక మెట్టు పైది. పుష్కలంగా అందించడం ఒక పని, అందులో మంచిది ఏరడం మరొక పని అనడానికి ఇది కొంత ఆధారం.

కొత్తవాడ మగ్గం, వరంగల్

నేను చదువుకున్నవాణ్ణి కాదు, షత్రంజీలకు, అంటే మగ్గం మీద నేసే పరుపు తివాచీలకు, డిజైన్ గీస్తాను. మా నాన్న నేసేవారు; మన వరంగల్ షత్రంజీకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఆయన ఇంకా ఉన్నారు. మీ చర్చలో నాకు తెలిసిన ఒక్క సంగతి చెబుతాను.

గళ్ల కాగితం మీద గీసేటప్పుడు పడుగు పోగుల లెక్క తప్పకూడదు. వంపు గీత గీయాలన్నా మెట్లు మెట్లుగానే వస్తుంది. కొత్తగా చేరిన పిల్లవాడు ప్రతి గడి దగ్గరా ఆగి లెక్క చూసుకుంటాడు, లెక్క కుదురుతుంది, బొమ్మ మాత్రం చచ్చిపోతుంది. నాన్న గీస్తుంటే లెక్క చూసుకుంటున్నట్టే ఉండేది కాదు, అయినా గడి తప్పేది కాదు. ఆయన లెక్కను వదిలేశారని నేను అనుకోను. అది చేతిలోకి దిగిపోయింది, కాబట్టి తలకు వేరే పని మిగిలింది. పై సార్ చెప్పిన అనుభవం గల కవుల సంగతి చదివితే అదే గుర్తుకొచ్చింది. నియమం తీసేస్తే పిల్లలకు సులువు అవుతుందనుకోకండి సార్. గళ్లు లేని తెల్ల కాగితం ఇస్తే మా దగ్గరి పిల్లలు ఒక పువ్వు గీసి కూర్చుంటారు.

ఇంకో సంగతి. గీతలో చిక్కు పడితే నేను కండెలకు నూలు చుట్టడానికి కూర్చుంటాను. పడుకుంటే మాత్రం ఏదీ తోచదు.

సగటు–విచలనం, కరీంనగర్

కొత్తవాడ అన్నా, కండెల మాటకు లెక్కల మద్దతు ఉంది. సమస్యను కాసేపు పక్కన పెడితే ఏమవుతుందన్న దానిపై 2009లో సియో, ఆర్మెరాడ్ అనే ఇద్దరు 117 అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. పక్కన పెట్టడం వల్ల మొత్తం మీద మేలే జరుగుతుందని తేలింది. మాటలతో ముడిపడిన చిక్కు ప్రశ్నల్లో, ఊరికే విశ్రాంతి తీసుకున్నవారి కంటే తేలికపాటి పనిలో ఉన్నవారికి ఎక్కువ మేలు కలిగింది. పక్కన పెట్టే ముందు ఎంత ఎక్కువసేపు కుస్తీ పడితే మేలు అంత ఎక్కువ. కాబట్టి ఆ ఫాతిమానగర్ క్షణంలో బల్ల దగ్గరి అరగంటకు కూడా వాటా ఉంది. ఆ అరగంట లేకుండా నేరుగా బండి ఎక్కితే కాజీపేట మాత్రమే వచ్చేది.

ఇది చదివి, ఎనిమిది మంది పృచ్ఛకులుండే అష్టావధానంలో అవధాని ఒక పాదం చెప్పి మిగతా ఏడుగురి దగ్గరికి వెళ్లి రావడం కూడా పక్కన పెట్టడమే కదా అని ఎవరైనా అంటారేమో. నేను ఒప్పుకోను. ఆ ఏడు పనులూ తేలికపాటివి కావు. అప్రస్తుత ప్రసంగం చేసేవారు ఉండేదే మనసు చెదరగొట్టడానికి. అక్కడ పనిచేసేది ఎక్కువగా ధారణే, అంటే గుర్తుంచుకునే శక్తే, అని నా అనుమానం.

పద్యాభ్యాసి, హన్మకొండ

ఆ చివరి మాటను నేను అనబోతున్నాను, ముందే కొట్టేశారు. అయినా పూర్తిగా వదులుకోను. మొదటి పాదం చెప్పినప్పుడే మిగతా మూడు పాదాలకూ ప్రాసాక్షరం ఖరారవుతుంది. ఆ ఒక్క అక్షరం వెనక ఎక్కడో పనిచేస్తూనే ఉంటుందని అవధానులు చెప్పగా విన్నాను. దానికి ఏ నెట్‌వర్క్ పేరు పెట్టాలో కాజీపేట వారే చూసుకోవాలి.

పిల్లల విషయంలో మీ ముగ్గురి మాటలూ విన్నాక ఇలా చేద్దామనుకుంటున్నాను. దత్తపది ఇచ్చాక మొదటి పావుగంట పద్యం రాయనివ్వను. ఆ నాలుగు మాటలూ ఇమిడే పదాలను, మంచివీ చెడ్డవీ అన్న విచారణ లేకుండా, కాగితం నిండా రాయమంటాను. నియమం మాత్రం ఉంటుంది: తిండి మాట వస్తే కొట్టేయాలి. ఆపైన కాసేపు లేపి మొక్కలకు నీళ్లు పోయించి, చాపలు దులిపించి, అప్పుడు పద్యానికి కూర్చోబెడతాను. యతి ప్రాసలు దిద్దడం మూడవ విడత. ఇన్నాళ్లూ ఈ మూడింటినీ ఒకే గంటలో, ఒకే కాగితం మీద చేయించి, పిల్లలకు రావడం లేదని విసుక్కున్నాను.

సగటు–విచలనం, కరీంనగర్

సగం మందికి మధ్యలో నీళ్లు పోసే పని పెట్టి, సగం మందిని కూర్చోబెట్టే ఉంచి, మరుసటి వారం తారుమారు చేయండి. పన్నెండు మందితో ఏదీ రుజువు కాదు. అయినా ఎవరికి ఎన్ని పదాలు వచ్చాయో తేదీ వేసి రాసి పెట్టండి.

కొత్తవాడ మగ్గం, వరంగల్

సార్, ఈ ఆదివారానికి దత్తపది నేనిస్తాను. పడుగు, పేక, నాడె, కండె. మగ్గం ఊసు రాకూడదు. భద్రకాళి చెరువు మీద చెప్పించండి.

పద్యాభ్యాసి, హన్మకొండ

మంచి చిక్కే పెట్టారు అన్నా. మీ మాట చదవగానే మగ్గం తప్ప ఏమీ కనిపించలేదు, గుంటతో సహా. ఇరవై నిమిషాలు కూర్చున్నాక 'రేపడుగు'లో పడుగు, 'చూపేకదా'లో పేక దొరికాయి. 'నాడెపుడో' అంటే నాడె కుదురుతుంది కానీ చెరువుకు ఎలా అతుకుతుందో చూడాలి. కండె మాత్రం రాలేదు. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి, బజారుకు వెళ్లి వస్తాను.